తిన్నాక తీసే కొలత

కుట్టుషాపు,
మధ్యాహ్నం భోజనం వేళ

నా బొద్దూ,

నీకు వాంతులూ విరేచనాలూ పట్టుకున్నాయనీ, ఆసుపత్రిలో సెలైను ఎక్కించారనీ నాకు నీ నోటితో తెలియలేదు. మీ ఇల్లుగలావిడ ఫోన్ చేసి చెప్పింది. "మీరేం కంగారు పడకండమ్మా, ఇంటికి తీసుకొచ్చాం, నా చేత్తో నేనే గంజి తాగించాను" అంది. మంచి మాటే అంది. అయినా ఆ 'నా చేత్తో' అన్నచోట నాకు సూది గుచ్చుకుంది. నా చేతులేమైపోయాయి? ఇక్కడ షాపులో ఎవరిదో ప్యాంటు పొట్టి చేస్తూ ఉన్నాయి.

ఆవిణ్ణి నువ్వు పిన్నీ అని పిలుస్తున్నావట. అదీ ఆవిడే చెప్పింది, గొప్పగా. నాకు తోడబుట్టినవాళ్ళే లేరు, నీకు పిన్ని ఎక్కణ్ణించి ఊడిపడింది? అద్దె తీసుకునే మనిషిని ఆంటీ అంటే సరిపోదా? కోప్పడుతున్నానని అనుకోకు. అడుగుతున్నానంతే.

ఫోనులో అడగొచ్చు కదా అంటావు. ఫోనులో మనకి కుదరడం లేదు. మీ అక్క పోయినప్పటినుంచీ నేను 'తిన్నావా' అంటాను, నువ్వు 'తిన్నా' అంటావు, తర్వాత ఇద్దరం ఒకళ్ళ ఊపిరి ఒకళ్ళం వింటూ కూర్చుంటాం. అందుకే గుడ్డల పార్సిల్లో ఉత్తరం మడిచి పెట్టడం నేర్చుకున్నాను. నా చదువు ఐదో తరగతితో సరి. బిల్లుల మీద కొలతలు రాసీ రాసీ ఈమాత్రం చెయ్యి తిరిగింది. తప్పులుంటే సర్దుకుని చదువుకో.

ఈసారి నీలం గౌను పంపుతున్నాను. మెడ చుట్టూ సన్నని పైపింగు పెట్టాను. టేపు ముట్టుకోకుండా కత్తిరించాను. మా కటింగు మాస్టరు పక్కనుంచి చూసి "ఎవరికమ్మా, స్కూలు పిల్లకా?" అన్నాడు. "మా రెండోదానికి. నా పిల్ల ఒళ్ళు నాకు టేపు చెప్పాలా?" అన్నాను. ఆయనకి చూపు ఆనడం లేనట్టుంది. మీ కళ్ళద్దాల షాపుకి పంపిస్తాను, మంచి జత తగిలించు.

ఏం తిన్నావు, ఎందుకిలా అయింది, ఇప్పుడు ఏం తింటున్నావు, అన్నీ నాకు రాయి. ఆవిడకి చెప్పినవన్నీ నాకూ చెప్పు.

అమ్మ


మేడమీద గది,
ఆదివారం

అమ్మా,

నీకు చెప్పకపోవడం తప్పే. చెబితే నువ్వు బస్సెక్కి వచ్చేస్తావు, వచ్చాక ఆసుపత్రి వాసనకి తట్టుకోలేవు. మళ్ళీ నిన్ను అలాంటి వరండాలో కూర్చోబెట్టాలనిపించలేదు. అంతే.

ఎలా జరిగిందో చెబితే నవ్వుతావు. మా షాపు పెట్టి పదేళ్ళయిందని ఓనరుగారు అందరికీ బయటినుంచి తినడానికి తెప్పించారు. పెద్ద క్రీము కేకు, వేయించినవి, తీపి డబ్బాలు. అందరూ కడుపు పగిలేట్టు తిన్నారు, ఒక్కళ్ళకీ ఏమీ కాలేదు. నేను ఒక్కదాన్నే బుద్ధిగా పచ్చికూరముక్కల గిన్నె తీసుకున్నాను. అందులో ఉడికించిన కోడిముక్కలు కలిపారు. పొద్దుటినుంచీ కిటికీ దగ్గర ఎండలో ఉన్న గిన్నె అది. సాయంత్రానికి నా పని అయిపోయింది. లెన్సులు అరగదీసే కుర్రాళ్ళు "ఒళ్ళు తగ్గే తిండి తింటే ఇలాగే తగ్గుతుంది మరి" అని ఇప్పటికీ ఏడిపిస్తున్నారు.

ఒళ్ళు తగ్గే తిండి ఏమిటా అనుకుంటావు. నా ఫోనులో ఒక లెక్క ఉందమ్మా. నోట్లో ఏది పెట్టుకున్నా అందులో రాయాలి. దానివల్ల ఒంటికి ఎంత బలం వస్తుందో అది చూపిస్తుంది. కేలరీలంటారు. రోజుకి పన్నెండు వందలు దాటనివ్వకూడదని పెట్టుకున్నాను. కొన్ని నెలలుగా ఒక్కరోజు కూడా మానలేదు. ఆసుపత్రి మంచం మీద కూడా రాశాను. ఉప్పూ పంచదారా కలిపిన నీళ్ళు ఒక గ్లాసు, సగం అరటిపండు. గంజి ఎంతని రాయాలో తెలియక, బియ్యం తూచి వండమని పిన్నిని అడిగాను. ఆవిడ త్రాసు బదులు గరిటె ఎత్తి చూపించింది.

డాక్టరమ్మ ఇప్పుడు ఆ లెక్క కట్టిపెట్టమంది. "పేగులు పుండైపోయి ఉన్నాయి, అవి మానడానికే బలం కావాలి. కొంచెం కొంచెంగా, ఆకలి వేసినప్పుడల్లా తిను. తగ్గే సంగతి పూర్తిగా లేచి తిరిగాక చూసుకుందువుగాని" అంది. సరేనన్నాను. కానీ ఆపలేకపోతున్నాను. ఒక్కసారి ఆపితే ఇన్నాళ్ళ కష్టమూ నీళ్ళపాలవుతుందేమోనని భయం. ఇంకో మాట చెప్పనా? ఈ జబ్బుతో మూడు కిలోలు తగ్గాను. ఒంట్లో నీళ్ళు పోయాయి, అది తగ్గడం కాదంది డాక్టరమ్మ. నీళ్ళయినా తూకంలో తగ్గాయి కదా.

గౌను అందింది. బాగుంది. అక్కకి ఇష్టమైన నీలం.

నీ
చిన్నమ్మాయి


కుట్టుషాపు,
జనం పల్చగా ఉన్న వేళ

బొద్దూ,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. కేకు సంగతికి నవ్వొచ్చింది. తర్వాతిదానికి రాలేదు.

నాకు ఆ ఫోను మీద కూడా కుళ్ళుగానే ఉంది, ఏం దాచుకోను. నువ్వు పొద్దున రొట్టెముక్క తిన్నావో గుడ్డు తిన్నావో దానికి తెలుసు. సగం అరటిపండు తిని మిగతా సగం పక్కన పెట్టావని దానికి తెలుసు. కన్నదాన్ని, నాకు 'తిన్నా' అన్న ఒక్క మాట. ఆవిడకి గంజి, ఫోనుకి లెక్క, నాకు పార్సిలు అందిందన్న కబురు. పంపకం బాగుంది.

మొన్న షాపుకి ఒకావిడ ఇద్దరు కూతుళ్ళని వెంటబెట్టుకుని వచ్చింది. ముగ్గురికీ ఒకే తానులో బట్ట. చిన్నది "అక్కకి కుచ్చులు ఎక్కువ పెడుతున్నారు" అని అలిగింది. "నోర్మూసుకోవే, నీకూ పెడతారు" అని దాని తలమీద ఒక్కటిచ్చింది ఆవిడ. అలా కొట్టడానికి ఆవిడకి ఇద్దరున్నారు. నేను వంగి కింద అంచు కొలుస్తున్నానని చెప్పి మొహం ఎత్తలేదు. ఇలా ఇంకొకరి పిల్లల్ని చూసి ఏడవడం మంచిది కాదని నాకూ తెలుసు.

ఇప్పుడు చెప్పేది విను. మీ అక్క చివరి నెలల్లో నీకు చెప్పనివి ఉన్నాయి. నువ్వప్పుడు కొత్తగా ఉద్యోగంలో చేరావు, సెలవు దొరికేది కాదు. దానికి ఏం పెట్టినా లోపల నిలిచేది కాదు. పాలు, పండ్ల రసం, మెత్తగా చేసిన అన్నం, ఏదీ. "అమ్మా, ఆకలేస్తే బాగుండు" అనేది. అడిగింది ఆకలిని, చూడు. దాని గౌన్లు వదులైపోతుంటే దానికి తెలియకుండా నెలనెలా పక్క కుట్లు లోపలికి పట్టేదాన్ని. వేసుకుని అద్దంలో చూసుకుని "నేనేం తగ్గలేదు, సరిగ్గానే ఉంది" అనేది. నేను ఔననేదాన్ని. గౌను సరిపోయినన్నాళ్ళూ దానికి ధైర్యంగా ఉండేది.

నీకు ఆకలి వేస్తోంది. దేవుడిచ్చిన ఆకలి. దాన్ని పట్టుకుని లెక్కలు కడతావేమే? మీ అక్క ఒక్క ముద్ద మింగడానికి ఎంత పోరాడిందో నువ్వు చూసుంటే ఈ పని చేసేదానివి కాదు. డాక్టరు చెప్పినట్టు ఆ ఫోను పక్కన పెట్టి తిను. మీ అక్క మీద ఒట్టు.

అమ్మ

ఆకుపచ్చ గుడ్డ ఒకటి దొరికింది. నీకే కత్తిరిస్తున్నాను.


మేడమీద గది,
షాపుకి సెలవు పెట్టి

అమ్మా,

ఆకుపచ్చది కుట్టకు.

నిన్న షాపులో ఒక పెద్దాయనకి ఫ్రేము పెట్టి చెవుల వెనక సరిచేస్తున్నాను. ఉన్నట్టుండి ఆయన మొహం రెండైంది. ఆయన పాత అద్దాలతో సహా నేను కిందపడ్డాను. కళ్ళు తెరిచేసరికి ఆయనే నా మొహం మీద నీళ్ళు చల్లుతూ "నా అద్దాలకేం పర్లేదమ్మా, నీకెలా ఉంది" అంటున్నాడు. ఆ పొద్దున నేను తిన్నది ఒక్క అరటిపండు. రాసుకున్నాను కాబట్టి తెలుసు. పిన్ని వచ్చి తీసుకెళ్ళింది. దారిపొడుగునా తిట్టింది. ఇంటికెళ్ళాక తలుపు వెనక వేలాడుతున్న నీ నీలం గౌను చూసి "ఇదెవరిది, నీకు ముంజేతికి కూడా పట్టదు" అంది.

అది నిజం. పట్టదు.

నువ్వు పంపినవేవీ నాకు పట్టలేదమ్మా. అక్క పోయిన తర్వాత నువ్వు పంపిన మొదటి గౌను భుజాల దగ్గరే ఆగిపోయింది. నువ్వు టేపు లేకుండా కుడతావు, నీ చెయ్యి తప్పదని ఊళ్ళో అందరూ అంటారు. మరి అమ్మ కావాలనే ఇలా కుట్టిందనుకున్నాను. అమ్మకి కావలసిన కూతురు ఈ కొలతలో ఉంటుంది కాబోలు అనుకున్నాను. ఆరోజే ఫోనులో ఆ లెక్క మొదలుపెట్టాను. రెండోది వచ్చింది, అదీ అంతే. మూడోదీ అంతే. ఈ నీలందానికి నడుం దగ్గర నాలుగు వేళ్ళ దూరంలో ఉన్నాను. జబ్బుతో తగ్గానని సంతోషపడింది అందుకే. ఇంకొంచెం ఉంటే పట్టేస్తుంది, వేసుకుని ఫోటో తీసి నీకు పంపొచ్చు అనుకున్నాను.

అక్క నాజూగ్గా ఉండేది. నేను బొద్దు. చిన్నప్పటినుంచీ అదే పేరు. అక్కకి ఏ గుడ్డైనా నప్పేది, మిగిలిన గుడ్డతో నాకు. అది జబ్బుపడ్డాక ఇంట్లో ప్రతి మాటా దాని గురించే, ప్రతి గిన్నే దాని కోసమే. అప్పుడు సరే. కానీ అది పోయాక కూడా నీ ఉత్తరంలో దాని గురించి ఉన్నన్ని ముక్కలు నా గురించి లేవు. నేను జబ్బుపడినా దాని మీదే ఒట్టు పెడతావు. చచ్చిపోయిన అక్క మీద కుళ్ళుకునే మనిషి ఎక్కడైనా ఉంటుందా? ఉంది, ఇక్కడ మేడమీద. అది చచ్చిపోయింది కాబట్టి ఇక ఎప్పటికీ తప్పు చెయ్యదు, లావెక్కదు. దానితో నేనెలా గెలవను?

నీకు నాకంటే అది ఎక్కువా అమ్మా? నిజం రాయి. ఏదైనా పర్లేదు.


కుట్టుషాపు,
షట్టరు దించి, లోపల

నా తల్లీ,

నీ ఉత్తరం చదివి ముందు నీ మీద కోపం వచ్చింది. నా చేతికి వంక పెడతావా అనుకున్నాను. బల్లమీద ఆకుపచ్చ గుడ్డ అప్పటికే కత్తిరించి ఉంది. తప్పు నీదని రుజువు చేద్దామని ఇంటికి వెళ్ళి, మీ అక్క ఆఖరి గౌను పెట్టెలోంచి తీసుకొచ్చాను. ముక్కల మీద పరిచాను.

ఎక్కడా వేలంత తేడా లేదు. చంక, నడుం, పక్క కుట్టు, అన్నీ కలిశాయి.

మాస్టరు చూస్తూ నిలబడ్డాడు. స్టూలు జరిపి నన్ను కూర్చోబెట్టి, తనే షట్టరు దించి బయటికి వెళ్ళిపోయాడు. ఆరోజు ఆయన 'స్కూలు పిల్లకా' అన్నప్పుడు చూపు ఆనడం లేదన్నాను చూడు, ఆయన కళ్ళకేం కాలేదు.

నేను నీకోసమే కూర్చున్నానమ్మా. నీ పేరే అనుకుంటూ, నీకే కుడుతున్నానని అనుకుంటూ కత్తెర పట్టుకున్నాను. చేతులు మాత్రం దాన్నే కుట్టాయి. అది బాగున్నప్పటి కొలత కూడా కాదు. నెలనెలా నేను లోపలికి పడుతూ వచ్చిన కొలత, మంచం మీద చివరిసారి వేసుకున్న కొలత. నా చేతికి ఆఖరున తెలిసిన ఒళ్ళు అదొక్కటే.

దాంట్లోకి దూరాలని నువ్వు తిండి మానేశావు. నేను పంపిన గౌను కోసం నా రెండో పిల్ల జబ్బులోంచి లేవకుండా సన్నబడింది. ఇది నాకు ఎవరైనా వేరే తల్లి గురించి చెప్పి ఉంటే దాన్ని ఏం తిట్టేదాన్నో.

నిజం రాయమన్నావు. రాస్తాను. నీకంటే అది నాకు ఎక్కువ కాదు. కానీ ఎక్కువసేపు నా దగ్గర ఉంటోంది. నువ్వు ఉద్యోగానికి వెళ్తావు, బస్సెక్కుతావు, ఎవరినో పిన్నీ అంటావు, నాకు కోపం తెప్పిస్తావు. అది ఎక్కడికీ వెళ్ళదు. పొద్దున్నే లేచేసరికి ఉంటుంది. నువ్వు బతికున్నావు కదా, నీకేం కాదులే అన్న ధీమాతో నీ వైపు చూడటం మానేశాను. దాని మీద నువ్వు కుళ్ళుకున్నందుకు నీకు పాపం ఏమీ రాదు. అది ఉన్నప్పుడు అదీ నీ మీద కుళ్ళుకునేది. "దాని బుగ్గలు చూడమ్మా, నాకెందుకు లేవు" అని నీ బుగ్గ గిల్లి ఏడిపించి పారిపోయేది. మర్చిపోయావా?

బొద్దు అని ఎందుకు పిలిచానో చెప్పలేదు నీకెప్పుడూ. అది పుట్టినప్పుడు గుప్పెడంత ఉంది. ఏడాదిదాకా ఎత్తుకోవాలంటే భయం వేసేది. నువ్వు పుట్టాక నిన్ను చంకనేసుకుని పావుగంట నిలబడితే చెయ్యి లాగేది. ఆ లాగుడు నాకెంత ధైర్యంగా ఉండేదో. వీధిలో అందరికీ వినపడేలా బొద్దూ బొద్దూ అని పిలిచేదాన్ని, మాకూ బరువైన బిడ్డ ఉందని. గొప్ప కోసం పెట్టిన పేరు అది. నీకు గుచ్చుకుంటుందని తెలియలేదు. వద్దంటే మానేస్తాను.

ఇప్పుడు నేను చెప్పిన పని చెయ్యి. ఈ పార్సిల్లో గౌను లేదు. నా టేపు ఉంది, పాతది, చివర ఇత్తడి ముక్క ఊడిపోయింది. అది మీ పిన్ని చేతికి ఇవ్వు. అవును, పిన్ని అనే రాస్తున్నాను. నాకు ఒళ్ళు మండుతోంది, అయినా రాస్తున్నాను. కింద పడిన నా పిల్లని లేపి తీసుకెళ్ళిన మనిషి. నువ్వే కొలుచుకోకు. ఎవరి నడుం వాళ్ళు కొలుచుకుంటే ఊపిరి బిగబడతారు, ఇన్నేళ్ళుగా చూస్తున్నాను.

ఇంకొకటి. మా షాపులో పద్ధతి నీకు తెలుసు. పరగడుపున వచ్చినవాళ్ళకి మేం కొలత తియ్యం. ఎదురు హోటలుకి పంపించి, తినొచ్చాక టేపు పడతాం. ఖాళీ కడుపు కొలతకి కుడితే ఆ బట్ట వేసుకుని ఎవరూ సుఖంగా కూర్చోలేరు. కాబట్టి డాక్టరమ్మ చెప్పినట్టు తిను. ఒక్కపూట కాదు, బలం వచ్చేదాకా. మొహంలో కళ వచ్చిందని పిన్ని అన్నాక కొలిపించుకో. అప్పటిదాకా ఆ ఫోనులో రాయకు. రాయకుండా ఉండలేకపోతే నాకు రాయి. లెక్క వద్దు. ఏం తిన్నావు, రుచిగా ఉందా, అంతే.

అమ్మ


మేడమీద గది,
వానలు వెనకపట్టాక

అమ్మా,

నువ్వు రాయమన్నట్టే రాస్తున్నాను. ఈ పొద్దున రెండు గుడ్లు, వెన్న రాసిన రొట్టె. రుచిగానే ఉంది. మధ్యాహ్నం అన్నం, పెరుగు. ఎంత అన్నమో తెలియదు. తెలియకపోవడం ఇంకా అలవాటు కాలేదు. మొదటి వారం అలవాటుగా చెయ్యి ఫోను మీదికి పోయేది. ఒకసారి దొంగచాటుగా పాతిక రోజుల లెక్క చూసుకున్నాను కూడా. ఒక రోజు రాశాను, మరునాడు మానేశాను, మళ్ళీ రాశాను. నిజం చెబుతున్నాను, ఒక్క దెబ్బకి మానలేదు. ఈ నెల మాత్రం తెరవలేదు. ఇప్పుడు కళ్ళు తిరగడం లేదు. మెట్లు ఆగకుండా ఎక్కుతున్నాను. డాక్టరమ్మ చూసి, ఇక మందులు చాలంది. ఒళ్ళు తగ్గాలని ఉంటే తన దగ్గరికే రమ్మంది, ఫోను దగ్గరికి కాదంది.

నిన్న పిన్ని కొలతలు తీసింది. నేను ఊపిరి బిగబట్టాను. ఆవిడ టేపు వదలకుండా నా చంకలో చక్కిలిగింత పెట్టింది. ఊపిరి వదిలేశాను. అదీ కొలత. కాగితం ఇందులో ఉంది. చూసి ఏమీ అనకు. నీలందానికంటే చాలా ఎక్కువ. రాసేటప్పుడు నాకు ఏడుపొచ్చింది, ఎందుకో తెలియదు. పిన్ని "ఇదేగా నీ సైజు, ఎవరిదో దొంగిలించినట్టు ఏడుస్తావేం" అంది.

నీలం గౌను పారెయ్యలేదు. మడిచి తిరిగి పంపుతున్నాను. అక్క దగ్గర పెట్టు. దానిదే అది.

ఆకుపచ్చ ఇంకా ఉందా?

బొద్దు


కుట్టుషాపు,
మాస్టరు టీకి వెళ్ళినప్పుడు

నా బొద్దూ,

ఆకుపచ్చది అప్పుడే ముక్కలు చేశాను కదా, ఆ ముక్కలతో గౌను రాలేదు. దిండు గలీబు కుట్టి మీ పిన్నికి పంపుతున్నాను. నా కూతురికి గంజి పోసినందుకు. ఆవిడకి నచ్చిందో లేదో రాయి, నచ్చకపోతే నాకు కొంచెం సంతోషమే.

నీకు కొత్త తానులో తీశాను, పచ్చి మామిడికాయ రంగు. బల్లమీద నీ కొలతల కాగితం పెట్టుకుని, టేపు పట్టి, ప్రతి గీతా రెండుసార్లు చూసుకుని కత్తిరించాను. కొత్తగా పనిలో చేరినదానిలా ప్రతి ముక్కా మళ్ళీ కొలిచి చూసుకున్నాను. మాస్టరు ముక్కలు ఎత్తి చూసి "ఇది మనిషికి పట్టే గౌను" అన్నాడు. భుజం దగ్గర నీ వెడల్పు మీద నా జాన పెట్టి చూసుకున్నాను. ఇంత పిల్లవి అయ్యావని నా చేతులకి తెలియదు.

పక్క కుట్ల లోపల రెండు వేళ్ళ గుడ్డ వదిలాను. లోపలికి పట్టడానికి కాదు, వదులు చెయ్యడానికి. అందుకే అక్కడ కుట్టు దూరం దూరంగా వేశాను, దారం లాగితే వచ్చేస్తుంది. నీలందాన్ని అక్క పెట్టెలో పెట్టాను.

పండక్కో సెలవుకో అని ఆగకుండా వచ్చే ఆదివారం బస్సెక్కుతున్నాను. గౌను నేనే తెస్తాను. ఆసుపత్రి కాదు కదా, మేడమీద గదే కదా, తట్టుకుంటాను. నాకోసం ఎదురుచూస్తూ ఖాళీ కడుపుతో కూర్చోకు. నేను వచ్చేసరికి బాగా తిని ఉండు తల్లీ.

అమ్మ